చించిల్లా కంట్లో చుక్కలు

బస్సుల్లో జనం మర్చిపోని వస్తువంటూ ఉండదు. గొడుగులు, భోజనం డబ్బాలు, ఒంటి చెప్పులు, కట్టుడు పళ్ళు, ఆస్పత్రి ఎక్స్‌రేలు. అన్నీ సాయంత్రానికి బస్టాండు వెనకున్న పోయిన సామాన్ల గదికి చేరతాయి. ఆ గది కౌంటర్ వెనక ఇరవై ఆరేళ్ళుగా కూర్చున్న మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉద్యోగం కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. డ్రైవర్లకీ కండక్టర్లకీ ఆవిడ రసీదమ్మ. "నా గొడుగే అక్కా, పిడి విరిగుంటుంది చూడు" అని సొంత డిపో మనిషి వచ్చి బతిమాలినా సరే, పుస్తకంలో సంతకం పడి రసీదు చినిగితే తప్ప గొడుగు కౌంటర్ దాటేది కాదు. మొండిఘటమని తిట్టుకునేవాళ్ళు కూడా, ఆవిడ దగ్గర పడ్డ వస్తువు ఎక్కడికీ పోదని ఒప్పుకునేవాళ్ళు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ముసురు రోజున, చివరి స్టాపు నుంచి వచ్చిన కండక్టర్ ఒక అట్టపెట్టె తెచ్చి కౌంటర్ మీద పెట్టి, చేతులు దులుపుకుంటూ రెండడుగులు వెనక్కి జరిగాడు. "అక్కా, లోపల ఏదో గీరుతోంది. పామైతే నాకు సంబంధం లేదు" అన్నాడు. పెట్టెకి పెన్సిల్‌తో పొడిచిన చిల్లులున్నాయి. ఆవిడ మూత తీసింది. ఎలుక కంటే పెద్దది, కుందేలు కంటే చిన్నది, పొగరంగు బొచ్చులో మునిగిపోయిన జంతువొకటి మూల నక్కి ఉంది. గుండ్రటి చెవులు, ఉడత తోక, నల్లద్రాక్షల్లాంటి రెండు కళ్ళు. ఆ కళ్ళు తనని చూసిన చూపుని రసీదమ్మ ఆ తర్వాత ఎవరికైనా చెప్పబోతే మాటలు దొరికేవి కావు.

ఆ రోజు వచ్చిన వాటిలో అది నలభై మూడో వస్తువు. పెట్టెకి నలభై మూడు చీటీ కట్టింది. ఎదురు సందులో పక్షులమ్మే షాపాయన వచ్చి చూసి, ఇది చించిల్లా, చలికొండల మీద పుట్టిన జాతి, ఎండ తగిలితే బతకదు, నీళ్ళు పోస్తే బొచ్చు ఆరదు, మెత్తటి దుమ్ములో పొర్లడమే దీని స్నానం అని చెప్పి పోయాడు. నెల రోజులు చూశారు. ఎవరూ రాలేదు. ఎవరూ రాని వస్తువుల్ని వేలం వెయ్యాలన్నది నియమం. రసీదమ్మ ఆ నెల పుస్తకం ముందేసుకుని, తీసుకున్నవారు అన్నచోట తన సంతకమే పెట్టి, తనకి తనే రసీదు చించుకుని, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఇంటికెళ్ళింది.

ఆవిడ భర్త ఇళ్ళకి రంగులేసే మేస్త్రి. పిల్లల్లేరు. రెండు గదుల వాటా, వెనక చిన్న వరండా. పెట్టెలోకి తొంగి చూసి ఆయన, "ఎలుకల్ని పట్టడానికి బోను పెడతారని విన్నాను గానీ, ఎలుకని పెంచడానికి బోను కట్టేవాళ్ళని నిన్నే చూస్తున్నానే" అన్నాడు. అన్నాడే గానీ, ఆ ఆదివారమే పాత కిటికీ రెక్కలు విప్పి మూడంతస్తుల గూడు కట్టింది ఆయనే. ఆ జంతువుకి పేరు పెట్టడం ఇద్దరికీ చేతకాలేదు. చీటీ మీది అంకే పేరై కూర్చుంది. నలభైమూడు. దానికి కోపమొస్తే కుక్కపిల్లలా చిన్నగా మొరిగేది. పొద్దువాలే వేళకి లేచి, ఇనప గిన్నెలో పోసిన దుమ్ములో గిరగిరా దొర్లి, గదంతా పొడి ఎగజిమ్మేది. "లోకం అంతా దుమ్ము పోవడానికి స్నానం చేస్తే, మా మారాజు దుమ్ముతోనే చేస్తాడు" అని మేస్త్రి తుమ్ముతూ నవ్వేవాడు. తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. ఆ ఇంట్లో సంతోషాలు లెక్కపెడితే సగానికి సగం ఆ గూటి ముందు కూర్చుని అనుభవించినవే.

తొమ్మిదో ఏడు మేస్త్రి కుడికంటికి శుక్లం తీశారు. ఆరు వారాలు చుక్కలు వేసుకోవాలి, దుమ్ములోకి వెళ్ళకూడదు, పని మానాలి అన్నారు. ముప్ఫయ్యేళ్ళుగా నిచ్చెన దిగని మనిషి ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయాడు. నలభైమూడుకి మేత వెయ్యడం, నీళ్ళు మార్చడం ఆయన వంతైంది.

"అది గడ్డి ఏరుకుంటోందే. మెత్తటి ఆకులు తిని పీచంతా వదిలేస్తోంది" అన్నాడొక రోజు.

"తొమ్మిదేళ్ళు గారాబం చేస్తే వేషాలు రావూ? ఆకలేస్తే అదే తింటుంది" అంది రసీదమ్మ, చెప్పులు తొడుక్కుంటూ.

మూడు వారాలయ్యాక ఒక ఆదివారం సాయంత్రం చూస్తే దాని ఎడం కంటి కింద బొచ్చు తడిసి, పాయలు పాయలుగా అంటుకుపోయి ఉంది. రెప్ప సగం మూసి, ముందు కాలితో రుద్దుకుంటోంది. దుమ్ము పడి ఉంటుందనుకుని ఆవిడ దుమ్ము గిన్నె తీసేసింది. శుభ్రమైన గుడ్డని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, పిండి, తుడిచింది.

"పశువుల డాక్టరమ్మకి చూపిద్దామే" అన్నాడు మేస్త్రి.

"శనివారం సెలవు పెడతాను. ఈ వారం వేలం ఉంది, నేను కదలడానికి వీల్లేదు. కంట్లో నలుసుకి కొంపలు మునగవు."

ఆయనకి బస్సెక్కి బయటికి పోవడానికి వీల్లేదు. ఆవిడకి తీరిక లేదు. ఆరు రోజులు గడిచాయి. రోజూ సాయంత్రం వచ్చి చూస్తే కన్ను ఒక రోజు కాస్త తెరిచినట్టుండేది, ఇంకో రోజు మరీ మూసుకున్నట్టుండేది. శుక్రవారం నాటికి నల్లగా మెరవాల్సిన గుడ్డు మీద పల్చటి పాలపొర కమ్మింది.

డాక్టరమ్మ దగ్గర ఎప్పుడూ కుక్కలూ పిల్లులే. శనివారం పొద్దున ఆ మొరుగుళ్ళ మధ్య రసీదమ్మ బుట్టని గుండెకి అదుముకుని గంటన్నర కూర్చుంది. డాక్టరమ్మ చిన్న వయసుది, మాట నిదానం. కాగితం ముక్కలాంటి దాన్ని కంటికి తాకించి, పసుపు రంగు మందు దిగాక లైట్లు ఆర్పి, నీలం వెలుతురు వేసింది. దాని కంటి మధ్యలో పచ్చగా ఒక మచ్చ మెరిసింది. గోరంత కూడా లేదు. కానీ దాని కన్నే గోరంత.

"పుండమ్మా ఇది. లోతుకి పోయింది" అంది డాక్టరమ్మ. "ఏమైనా మందు వేశారా ఇంట్లో?"

"నీళ్ళతో తుడిచాను. అంతే."

"మనుషుల చుక్కలేమన్నా? కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. వాపు తగ్గించడానికి మంచిదే గానీ, పుండున్న కంట్లో పడితే ఆ పుండుని ఇంకా లోతు చేస్తుంది. ఆరు రోజుల్లో ఇంత లోతుకి పోవడం ఏదో మందు పడ్డట్టే ఉంది, అందుకే అడుగుతున్నాను."

"నా ఇంట్లో నాకు తెలీకుండా పూచికపుల్ల కదలదమ్మా" అంది రసీదమ్మ. అన్న మరుక్షణమే ఆవిడకి ఫ్రిజ్ తలుపులో, పాల సీసా పక్కన నిలబడ్డ చిన్న తెల్ల సీసా గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి బుట్ట దించకుండానే అడిగింది. "మీ చుక్కలు దీనికి వేశారా?"

మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. అబద్ధం ఆడడం ఆయనకి ఎప్పుడూ రాలేదు. "నాలుగు రోజులు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నాకు రెండో రోజుకే ఎరుపు తగ్గింది కదా, దానికీ తగ్గుతుందేమో అని. పాపం రుద్దుకుంటూ ఉంటే చూడలేకపోయానే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వద్దంటావని."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేదని ఆయన తర్వాత చాలాసార్లు అనుకుని ఉంటాడు. ఫ్రిజ్ తీసి, ఆయన సీసా వేరే అరలోకి మార్చి, డాక్టరమ్మ ఇచ్చిన సీసాని దాని చోట పెట్టింది. "ఇది దానిది. అది మీది" అంది. ఆ రోజుకి అదే ఆఖరి మాట.

సోమవారం ఎక్స్‌రేకి తీసుకురమ్మన్నారు. పొద్దున్నే దాన్ని అక్కడ దింపి ఆవిడ కౌంటర్‌కి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం, ఎవరిదో చేతికర్ర పుస్తకంలో ఎక్కిస్తూ ఉండగా డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"అసలు జబ్బు కన్ను కాదమ్మా, పళ్ళు. వీటికి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. మీదానికి పైదవడ వెనక పళ్ళ వేళ్ళు లోపలికి, పైకి పెరిగాయి. కన్నీళ్ళు దిగే దారిని అవి నొక్కేశాయి. అందుకే కన్ను కారింది. కారింది కాబట్టి రుద్దుకుంది. రుద్దుకుంటే గీరుకుపోయి పుండు పడింది. చుక్కలు పుండుని పెంచిన మాట నిజమే. కానీ చుక్కలు వెయ్యకపోయినా ఇది ఇక్కడికే వచ్చేది. వేళ్ళని వెనక్కి నెట్టే వైద్యం లేదు."

"ఎప్పటినుంచి ఉందమ్మా ఇది?"

"నెలలై ఉంటుంది. గట్టి గడ్డి తినడం మానేసి ఉండాలే, మీరు గమనించలేదా?"

రసీదమ్మ ఫోన్ పెట్టేసింది. ఎదురుగా చేతికర్ర మనిషి "రసీదమ్మా, రసీదు" అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆవిడ తేదీ తప్పు రాసింది.

సాయంత్రం దాన్ని బుట్టలో తీసుకుని ఇంటికెళ్ళగానే చెప్పాలనే అనుకుంది. బస్సులో మాటలు కూడా పేర్చుకుంది. తలుపు తీసేసరికి మేస్త్రి, మేత ముట్టకపోతే తాగించమని శనివారం డాక్టరమ్మ ఇచ్చిన సూదిలేని పిచికారీలు వంటింటి గట్టు మీద వరసగా కడిగి ఆరబెట్టి, గడ్డిపొడి నీళ్ళలో కలిపి సిద్ధంగా ఉన్నాడు. "ఏమంది? అంతా నా చుక్కల వల్లేనా?" అని అడిగాడు. నిలువునా కుంగిపోయి ఉన్నాడు. ఆవిడ బుట్ట గట్టు మీద దించింది.

"కన్ను సంగతి మీకు తెలిసిందేగా" అంది ఆవిడ.

ఎందుకలా అన్నదో ఆవిడకి అప్పుడు తెలీదు. తర్వాత తెలిసింది. ఆయన తప్పు కొండంత ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఆలస్యం చేసిన ఆరు రోజులు కనబడవు. గడ్డి ఏరుకుంటోందే అని ఆయన చెప్తే వేషాలని కొట్టిపారేసిన మాట కనబడదు. పళ్ళ సంగతి బయటపడితే ముందుగా బయటపడేది ఆ మాటే.

ఆ రోజు మొదలు మేస్త్రి ఇంట్లో చీమలా తిరిగాడు. మూడు గంటలకోసారి నలభైమూడుని తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, పిచికారీతో చెంప పక్కనుంచి చుక్క చుక్కగా తాగించేవాడు. సగం లోపలికి పోతే సగం గడ్డం మీదుగా కారేది. పొద్దున్నే వంటింటి త్రాసులో పెట్టి బరువు చూసి, గోడ మీద పెన్సిల్‌తో రాసేవాడు. నాలుగు వందల తొంభై గ్రాములు. నాలుగు వందల డెబ్భై అయిదు. నాలుగు వందల అరవై. అంకె తగ్గిన ప్రతిసారీ దోషిలా ఆవిడ మొహం వంక చూసేవాడు. ఆవిడ జడ అల్లుకుంటూనో, డబ్బా సర్దుకుంటూనో ఉండేది. "ఎక్కువ తాగింది ఇవాళ" అనేవాడు. "ఊఁ" అనేది. మారాజు మాట, తుమ్ములు, నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చెప్పాలని ఆవిడకి రోజూ అనిపించేది. ఒకరోజు ఆలస్యమైన మాట రెండో రోజుకి మరింత బరువెక్కేది. మింగలేకా కక్కలేకా పది రోజులు వెళ్ళదీసింది.

పదకొండో రోజు శుక్రవారం. పొద్దున కిటికీ దగ్గర నిలబడి ఆయన పిచికారీ నింపుతూ ఉంటే వెలుతురు మొహం మీద పడింది. ఆయన కుడికన్ను చింతనిప్పులా ఉంది. రెప్ప ఉబ్బింది. పిచికారీ మీది గీతలు కనబడక, దాన్ని ఎడం కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు.

"ఏమైంది ఆ కంటికి?"

"ఏం లేదు."

ఆవిడ ఫ్రిజ్ తెరిచింది. తను మార్చిన అరలో సీసా లేదు. కూరగాయల అరలో వెతికింది, అక్కడా లేదు.

"మీ చుక్కలేవి?"

"పారేశాను."

"ఎప్పుడు?"

"ఆ రోజే. దాని కన్ను పోగొట్టిన మందుని నా కంట్లో ఎలా పోసుకోనే? చేతులు రాలేదు."

రసీదమ్మ అక్కడే ముక్కాలిపీట మీద కూలబడింది. "మీ వల్ల కాదండీ" అంది. "పళ్ళ వల్ల. వేళ్ళు పైకి పెరిగాయట. మీరు చుక్కలు వేసినా వెయ్యకపోయినా ఇంతేనట. మీరు గడ్డి సంగతి చెప్పారే, అప్పటికే మొదలైందట. నేనే వినలేదు."

మేస్త్రి పిచికారీ గట్టు మీద పెట్టాడు.

"డాక్టరమ్మ ఎప్పుడు చెప్పింది ఇది?"

"ఎక్స్‌రే రోజు."

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పదకొండు దగ్గర ఆగాడు. ఆవిడ తిట్లకి సిద్ధపడి తలొంచుకుంది. ఆయన తిట్టలేదు. "అయితే పదకొండు రోజులుగా దానికి నోట్లో పోటు పుడుతుంటే, నేను బలవంతంగా పిచికారీ దూరుస్తున్నానన్నమాట" అన్నాడు మెల్లగా. "చెప్పి ఉంటే దాన్ని ఎప్పుడో బాధ లేకుండా సాగనంపేవాళ్ళం కదే."

ఆ మాట ఆవిడ అనుకోనిది. ఆయన్ని శిక్షిస్తున్నాననుకుంది గానీ, మధ్యలో నోరులేనిదొకటి నలుగుతోందని ఆవిడ బుర్రకి తట్టనే లేదు.

ఆ మధ్యాహ్నం ఆయన్ని కంటాస్పత్రికి తీసుకెళ్ళింది. కౌంటర్‌కి సెలవు చీటీ కూడా పంపలేదు. మరునాడు పొద్దున ఇద్దరూ కలిసి నలభైమూడుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. మేస్త్రి కంటికి అట్ట కట్టి ఉంది. బల్ల మీద పెట్టగానే అది భయపడి గింజుకుంది. ఆయన పట్టుకుంటే గుప్పెడు బొచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన బెదిరిపోయాడు. "భయమేస్తే ఇవి అలా వదిలేస్తాయి. మీరు పీకలేదు" అంది డాక్టరమ్మ. ముందు మత్తు పీల్చించింది. అది మెత్తబడ్డాక ఆఖరి సూది వేసింది. మంచి కన్ను మూసుకోలేదు. రసీదమ్మ వేలితో మూద్దామని చూసింది. రెప్ప నిలవలేదు. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి విని, తల ఆడించింది.

తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చి వెనక వరండా పక్క మట్టిలో పాతిపెట్టారు. మేస్త్రి తవ్వాడు, ఒంటికంటితో చూస్తూ, లోతు సరిపోయిందో లేదో చేత్తో తడుముకుంటూ. ఆయన అడగలేదు గానీ ఆవిడ కూడా కూర్చుని చేతుల్తో మట్టి పోసింది. కాళ్ళు కడుక్కునేటప్పుడు "నన్ను తిట్టండి" అంది.

"తిడితే ఏమొస్తుంది?"

"ఏదోటి అనండి."

ఆయన చెంబు పక్కన పెట్టాడు. "నేను దాచాను, నువ్వూ దాచావు. నాది నాలుగు రోజులు, నీది పదకొండు. ఇద్దరం కలిసి దాని ప్రాణం తోడేశాం" అన్నాడు. గొంతులో కోపం లేదు. రసీదమ్మకి అదే మరీ భరించరానిదైంది.

మేస్త్రి కన్ను పూర్తిగా పోలేదు. కానీ చుక్కలు మానేసినందువల్ల కంటి వెనక వాపు వచ్చి, తగ్గేసరికి చూపు కొంత తీసుకుపోయిందని కంటి డాక్టరు చెప్పాడు. తిన్నటి గోడ అంచు ఆ కంటికి వంకరగా కనబడేది. పక్కపక్క రంగులు కలిసిపోయేవి. ఎడం కంట్లోనూ శుక్లం మొదలవడంతో అదీ పెద్దగా ఆదుకోలేదు. గుడ్డి కన్నా మెల్ల నయం కదే అని ఆయనే ఆవిడకి ధైర్యం చెప్పాడు. కానీ పనిలోకి వెళ్ళిన మొదటి వారమే ఒక ఇంటి హాలులో రెండు గోడలకి రెండు రకాల లేతాకుపచ్చ వేసి వచ్చాడు. ఇంటివాళ్ళు పిలిచి చూపిస్తే ఆయనకి తేడా తెలియలేదు. అప్పట్నుంచి రంగులు కలిపే పని వేరేవాళ్ళకి పోయింది. ఆయనకి పైకప్పులు మిగిలాయి. పైకప్పులన్నీ తెలుపే.

గూడు విప్పుదామని ఆవిడా అనలేదు, ఆయనా అనలేదు. వరండాలో అలాగే ఉంది. కౌంటర్ దగ్గర రసీదమ్మ మునుపటిలాగే కూర్చుంటుంది. కాకపోతే ఎవరన్నా ఏదన్నా పోయిందని వస్తే ముందు రసీదు పుస్తకం తియ్యదు. కూర్చోమంటుంది. ఎప్పుడు పోయిందో, ఎలా పోయిందో అడుగుతుంది. కొందరికి విసుగు. బస్సు వెళ్ళిపోతుందమ్మా అంటారు.

ఆదివారాలు పొద్దున మేస్త్రి రంగుల కార్డు తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చుంటాడు. కంటికి సాధన చేస్తే మెరుగవుతుందని ఎవరో చెప్పారు. ఒక గడి మీద వేలు పెట్టి, ఎడం కన్ను మూసుకుని, "ఇది గంధం రంగేనా?" అంటాడు.

"కాదండీ. లేత గులాబి."

"ఇదీ?"

"అదీ గులాబే. దానికంటే ఒక రవ్వ ముదురు."

ఆయన తల ఊపి, వేలు పక్క గడి మీదికి జరుపుతాడు. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి, కార్డు అయిపోయేదాకా పక్కనే కూర్చుంటుంది.